అధికారి అడగవలసిన ప్రశ్న

మహాభారతం సభాపర్వంలో ఒక రాక ఉంది. మయుడు నిర్మించిన సభలో తమ్ములతో కొలువుదీరిన ధర్మరాజు దగ్గరకు నారద మహర్షి వస్తాడు. పూజాసత్కారాలు అందుకొన్న తరువాత ఆయన రాజ్యపాలనను గురించి వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. సైనికులకు జీతాలు సకాలంలో అందుతున్నాయా, సేద్యగాండ్రకు విత్తనాలు కొరవడకుండా చూస్తున్నావా, చెరువులు నిండుగా ఉన్నాయా, అంధులను, మూగవారిని, అవిటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె సాకుతున్నావా అంటూ ఆ ప్రశ్నల పరంపర సాగుతుంది. నన్నయ తెనిగించిన పర్వాలలో సభాపర్వం కూడా ఉన్నందువల్ల ఈ ఘట్టం తెలుగువారికి దాదాపు వేయి సంవత్సరాలుగా పరిచితమైనదే. రాజనీతి ఎరిగినవారు ఈ ప్రశ్నలలో పరిపాలనా సూత్రాలను చూస్తారు. వీటిలో మరొక విశేషం కూడా ఉంది. నారదుడు అడిగినవాటిలో చాలా ప్రశ్నలు ఆ కొలువులో లేనివారిని గురించినవి. సామాన్య సైనికుడు, సేద్యగాడు, అంధుడు, అనాథ - వీరెవరూ మయసభలో ఆసీనులై లేరు. ఎదుట కనిపించే వైభవాన్ని దాటి, ఎదుట లేని మనిషి క్షేమాన్ని విచారించడమే ఆ రాకలోని పరమార్థం.

ఈనాడు ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలకు విద్యాశాఖాధికారి వచ్చే రోజును ఈ ఘట్టంతో పోల్చి చూడవచ్చు. మండల విద్యాధికారి గాని, జిల్లా విద్యాశాఖాధికారి గాని వస్తున్నారన్న కబురు ముందురోజు సాయంత్రానికి ఉపాధ్యాయుల సెల్‌ఫోన్లకు చేరుతుంది. మరునాడు తెల్లవారేసరికి బడి రూపం మారిపోతుంది. ఆవరణలో కళ్ళాపి చల్లి ముగ్గులు వేస్తారు. గది గోడలకు కొత్త చార్టులు వెలుస్తాయి. ఏడాది పొడవునా బీరువాలో భద్రంగా దాచిన బోధన సామగ్రి ఆ ఒక్కరోజు బల్లమీదికి వస్తుంది. హాజరు పట్టీ, ప్రవేశాల రిజిస్టరు, మధ్యాహ్న భోజనపు బియ్యం లెక్క, పాఠ్య ప్రణాళిక వరుసగా పేర్చి ఉంటాయి. బాగా చదివే నలుగురైదుగురు పిల్లలను ముందు వరుసలో కూర్చోబెడతారు. వారు ఏ పద్యం అప్పగించాలో, ఏ ఎక్కం చెప్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కొనే పిల్లవాడు వెనుక వరుసలో గోడవారగా ఒదిగిపోతాడు. ఒక్కొక్కచోట అటువంటి పిల్లలను ఆ రోజు బడికి రావద్దని చెప్పడం కూడా కద్దు.

అధికారి వస్తారు. పిల్లలు లేచి నమస్కరిస్తారు. ఆయన రిజిస్టర్లు తిరగవేసి, ముందు వరుసలోని పిల్లను ఒక ప్రశ్న అడుగుతారు. ఆ పిల్ల గలగల సమాధానం చెబుతుంది. గోడమీది చార్టులను మెచ్చుకొని, రిజిస్టరులో దిద్దవలసిన ఒక అంకెను ఎత్తి చూపి, తనిఖీ పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి ఆయన వెళ్ళిపోతారు. మరో మూడు బడులు ఆయనకోసం ఎదురుచూస్తూ ఉంటాయి. వాహనం ఊరు దాటగానే బడి ఊపిరి పీల్చుకొంటుంది. చార్టులు మళ్ళీ బీరువాలోకి వెళతాయి. వెనుక వరుసలోని పిల్లవాడు అక్కడే ఉండిపోతాడు. ఆ రోజున బడిలో అందరికంటె ఎక్కువగా అధికారి చూపు అవసరమైనది అతనికే. ఆ చూపు అతనిపై పడకుండా ఏర్పాట్లన్నీ సక్రమంగా జరిగాయి.

ఇందులో తప్పు ఎవరిది? ఉపాధ్యాయుడిని నిందించడం సులభం. అధికారిని నిందించడం ఇంకా సులభం. నిజానికి ఇద్దరూ ఒకే భయానికి లోబడినవారు. వెనుకబడిన పిల్లవాడు కంటబడితే తనకు మెమో వస్తుందని ఉపాధ్యాయుడు భయపడతాడు. తన మండలంలో అటువంటి పిల్లలు ఉన్నారని పైకి రాస్తే తనకు సంజాయిషీ నోటీసు వస్తుందని మండలాధికారి భయపడతాడు. ఈ విధంగా పాఠశాల మొదలుకొని పై కార్యాలయం వరకు ప్రతి మెట్టు దగ్గరా నిజం కొంత పలచబడుతుంది. చివరికి పైకి చేరేసరికి కాగితంమీద అందరూ చదవగలిగినవారే అవుతారు.

ఈ కారణంచేత పర్యవేక్షణే వద్దనేవారు కొందరున్నారు. ఉపాధ్యాయుడు విద్యావంతుడనీ, అతని మనస్సాక్షే అతనికి అధికారి అనీ వారి వాదం. ఈ వాదంలో ఉపాధ్యాయ వృత్తిపట్ల గౌరవం ఉన్నమాట నిజమే. అయితే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చదివే పిల్లల తల్లిదండ్రులు ఎవరో ఈ వాదం మరచిపోతోంది. వారిలో అధికులు కూలీలు, సన్నకారు రైతులు, చేతివృత్తులవారు. ఫీజు కట్టి ప్రైవేటు బడిలో పిల్లను చేర్చిన తండ్రి, చదువు రాకపోతే నేరుగా వెళ్ళి ప్రశ్నిస్తాడు. తృప్తి కలగకపోతే మరో బడికి మారుస్తాడు. నాట్లకు వెళ్ళే తల్లికి ఆ రెండు దారులూ లేవు. తాను అక్షరం ఎరుగనిది కావడంచేత బిడ్డ పలకమీద రాసింది ఒప్పో తప్పో ఆమెకు తెలియదు. తెలిసినా "ఏమండీ సారూ, మా పిల్లకు చదువు ఎందుకు రావడం లేదు?" అని అడిగే చనువు ఆమెకు ఉండదు. ఒకపూట కూలి పోగొట్టుకొని పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి వచ్చినా ఒక మూల నిలబడి, చూపినచోట వేలిముద్ర వేసి వెళుతుంది. ఆమె తరఫున ప్రశ్న అడగడానికే సమాజం ఒక అధికారిని నియమించింది. అతడు రాకపోతే ఆమె ప్రశ్న ఎప్పటికీ వినబడదు. అతడు వచ్చి రిజిస్టరును మాత్రమే చూసి వెళ్ళినా ఆమెకు కలిగే ఫలితం అదే.

కాబట్టి అధికారి రావాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. వచ్చినవారు ఏమి చూడాలి, ఏమి అడగాలి అన్నదే విచార్యం. ఈ విషయంలో తెలుగు దేశపు చరిత్రలోనే రెండు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. ఆ రెండూ పరాయి పాలనాకాలానికి చెందినవి, ఆ అధికారులు ఇద్దరూ ఆంగ్లేయులు కావడం గమనింపదగిన సంగతి. పాలకులుగా వారి ఉద్దేశాలు ఏవైనా, చూసినదాన్ని చూసినట్లు చెప్పిన సందర్భాలు కొన్ని వారిలో కనబడతాయి.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తన రాజధానిలోని జిల్లా కలెక్టర్లందరినీ దేశీయ పాఠశాలల పరిస్థితిని విచారించి నివేదికలు పంపవలసిందిగా ఆదేశించాడు. ఆ నివేదికలను క్రోడీకరించగా మద్రాసు రాజధానిలో 12,498 పాఠశాలలు ఉన్నట్లు తేలింది. ఆనాటి కలెక్టర్లలో చాలామంది బడుల సంఖ్యను, పిల్లల సంఖ్యను పట్టికలో నింపి పంపారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం 1823లో పంపిన నివేదికలో అంకెలతో ఆగలేదు. నేటి అనంతపురం ప్రాంతం కూడా ఆనాడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 పాఠశాలలు ఉన్నాయని లెక్క చెప్పిన తరువాత, ఆయన వీధిబడి లోపల ఏమి జరుగుతున్నదో వర్ణించాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని, స్వల్పమైన ఖర్చుతో రాత నేర్పే పద్ధతిని మెచ్చుకొన్నాడు. అదే నివేదికలో మరొక లోపాన్ని దాచకుండా బయటపెట్టాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష వారు మాట్లాడే భాషకు దూరమైనదనీ, అర్థం తెలియకుండానే చిలుకల వలె పద్యాలు అప్పగిస్తున్నారనీ రాశాడు. ప్రజలు పేదరికంలోకి జారిపోవడంచేత అనేకులు పిల్లలను చదివించలేకపోతున్నారని కూడా తన పై అధికారులకు నివేదించాడు. తెలుగుకు వ్యాకరణాన్ని, నిఘంటువును రచించినవాడు కావడంచేత కాంప్‌బెల్‌కు పద్యం విని ఆనందించడం తెలుసు. అయినా పద్యం వినగానే తృప్తిపడలేదు. ఆ పిల్లవాడికి అర్థమైందా అన్న ప్రశ్న ఆయనకు తోచింది.

1854లో వెలువడిన వుడ్ విద్యా ప్రణాళిక తరువాత ప్రతి రాష్ట్రంలోనూ విద్యాశాఖ ఏర్పడింది. పాఠశాలలను చూచి రావడానికి ఇన్‌స్పెక్టర్లు నియమితులయ్యారు. తనిఖీకి అధికారిక రూపం వచ్చింది ఇప్పుడే. దానితోపాటు ఒక రుగ్మత కూడా ప్రవేశించింది. ఇంగ్లండులో 1862లో అమలులోకి వచ్చిన నియమావళి ప్రకారం పాఠశాలకు ఇచ్చే ప్రభుత్వ ధనం, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పిల్లలు చదవడంలో, రాయడంలో, లెక్కలలో ఎంతవరకు కృతార్థులయ్యారన్నదానిపై ఆధారపడింది. ఫలితాన్నిబట్టి చెల్లింపు అనే ఈ పద్ధతి మద్రాసు రాజధానికి కూడా పాకింది. చూడటానికి ఇది న్యాయమైన ఏర్పాటుగానే కనబడుతుంది. ఆచరణలో జరిగింది వేరు. ఉపాధ్యాయుని జీతం పిల్లవాడు అప్పగించే పాఠంపై ఆధారపడినందువల్ల, పరీక్షకు వచ్చే పుస్తకాన్ని పిల్లలచేత కంఠస్థం చేయించడమే బోధనగా మారింది. ప్రసిద్ధ ఆంగ్లకవి మాథ్యూ ఆర్నాల్డ్ 1851 నుండి 1886 వరకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఈ పద్ధతి బోధనను యాంత్రికం చేస్తున్నదని తన వార్షిక నివేదికలలో నిర్భయంగా విమర్శించాడు. తాను జీతం తీసుకొనే శాఖ విధానాన్నే ఆయన ఈ విధంగా తప్పుపట్టాడు. ఇంగ్లండు ఆ పద్ధతిని 19వ శతాబ్దం ముగిసేలోగా విడిచిపెట్టింది. అయితే దాని నీడ మాత్రం తనిఖీరోజు ముందు వరుసలో కూర్చొనే పిల్లల రూపంలో మన బడులలో ఇంకా మిగిలి ఉంది.

రెండవ ఉదాహరణ తెలుగు భాషాచరిత్రకే మలుపు అయినది. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తరగతి గదులలో కూర్చొని చిన్న తరగతుల పిల్లలకు పండితులు తెలుగు చెప్పే తీరును గమనించాడు. ఇంటిదగ్గర, వీధిలో పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలోని భాష మరొకటిగా ఉండటం ఆయనకు వింతగా తోచింది. ప్రజలు వ్యవహరించే భాషకూ గ్రంథాలలోని భాషకూ ఇంత ఎడం ఎందుకు ఏర్పడిందన్న సందేహం ఆయనను విడిచిపెట్టలేదు. విశాఖపట్టణంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఆ ప్రశ్న అడిగాడు. దానికి సమాధానం చెప్పగలవారు విజయనగరంలోని గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి అని ఆయన సూచించాడు. ఆ ప్రశ్న చేరిన తరువాత గిడుగు దృష్టి ఈ సమస్యపై లగ్నమైంది. వ్యావహారిక భాషోద్యమం తలెత్తింది. జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండ పండితులు సంప్రదాయ పక్షాన నిలిచి వాదించారు. దశాబ్దాలపాటు సాగిన ఆ వాదోపవాదాల ఫలితమే నేడు వార్తాపత్రికలలోను, పాఠ్యపుస్తకాలలోను కనబడే తెలుగు.

యేట్స్ ఆ రోజులలో ఉపాధ్యాయులను మందలించి, తనిఖీ పుస్తకంలో "బోధన తృప్తికరంగా లేదు" అని ఒక వాక్యం రాసి వెళ్ళిపోయి ఉండవచ్చు. అధికారిగా ఆయన బాధ్యత అంతటితో తీరిపోయేది. ఆయన తనకు తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకొన్నాడు. తెలిసినవారెవరో వెదకి వారిని అడిగాడు. తన చేతిక్రింది పాఠశాల లోపాన్ని ఉపాధ్యాయుని తప్పుగా చూడక, దాని వెనుకనున్న కారణం కోసం వెదికాడు. ఆ ప్రశ్నను అందుకొన్న గిడుగు రామమూర్తి స్వయంగా ఉపాధ్యాయుడు. అంతకుముందే ఆయన అడవులలో నివసించే సవరల భాషను శ్రమించి నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి సొంత ఖర్చుతో బడులు పెట్టినవాడు. బడికి రానివారిని గురించి ఆలోచించిన ఉపాధ్యాయునికి, బడిలో ఉండీ పాఠం అందనివారిని గురించి ఆలోచించిన అధికారి ప్రశ్న చేరింది. అధికారికీ ఉపాధ్యాయునికీ మధ్య ఇటువంటి సంబంధం ఏర్పడితే ఎంతటి మేలు జరుగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

స్వాతంత్ర్యానంతరం పర్యవేక్షణ స్వరూపాన్ని మార్చాలని పెద్దలు పలుమార్లు సూచించారు. 1964-66 నాటి కొఠారి కమిషన్, కార్యాలయ పరిపాలనను విద్యా పర్యవేక్షణనుండి వేరు చేయాలని చెప్పింది. జీతాల బిల్లులు, బదిలీలు, సెలవులు చూసే అధికారికి తరగతి గదిలో కూర్చొనే తీరిక ఉండదన్నది అందులోని ఆంతర్యం. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మండల వ్యవస్థ ఏర్పడిన తరువాత విద్యాధికారి పాఠశాలకు మరింత చేరువ అయ్యాడు. కాని అనేక మండలాలలో ఒక ప్రధానోపాధ్యాయుడే ఆ పదవిని అదనపు బాధ్యతగా మోయవలసిన పరిస్థితి చాలాకాలం కొనసాగింది. తన బడిని తాను నడుపుకొంటూ, మండలంలోని బడులన్నింటినీ చూడవలసిన వ్యక్తి ప్రతి బడిలోనూ ఎంతసేపు కూర్చోగలడు? అధికారి చూపులో లోతు లేదని విమర్శించేముందు, అతనికి ఆ తీరిక కల్పించామా అని ప్రభుత్వాలు కూడా ఆలోచించుకోవాలి.

2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆరేళ్ళనుండి పద్నాలుగేళ్ళ వరకు ప్రతి బిడ్డకూ చదువు హక్కు అయింది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలనీ, ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు ఉండాలనీ ఆ చట్టం నిర్దేశించింది. అయినా ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో ఐదు తరగతులనూ కూర్చోబెట్టుకొని బోధించే బడులు పల్లెలలో ఇంకా ఉన్నాయి. మరోవైపు 2005 నుండి గ్రామీణ ప్రాంతాలలో జరుగుతూ వస్తున్న 'అసర్' సర్వేలు ఒక చేదు నిజాన్ని పదేపదే చెబుతున్నాయి. దేశం మొత్తంమీద ఐదవ తరగతి పిల్లలలో దాదాపు సగం మంది రెండవ తరగతి వాచకాన్ని తడబడకుండా చదవలేకపోతున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం అనే పునాది నైపుణ్యాలకు అగ్రస్థానం ఇచ్చింది. 2022లో తెలంగాణ 'తొలిమెట్టు' కార్యక్రమాన్ని ప్రారంభించింది కూడా ఈ ఉద్దేశంతోనే. పథకాలకు కొరత లేదు. ఆ పథకం వెనుక వరుస వరకు చేరిందో లేదో స్వయంగా చూచి చెప్పవలసిన మనిషి అవసరం మాత్రం ఎప్పటికీ ఉంటుంది.

'అసర్' సర్వే చేసేవారు పాటించే పద్ధతి అధికారులకు కూడా ఆదర్శప్రాయమైనది. వారు ఇంటికి వెళ్ళి, ఒక్కొక్క బిడ్డ పక్కన కూర్చొని, ఒక చిన్న కాగితాన్ని ఇచ్చి చదవమంటారు. మొదట పేరా చదివిస్తారు. అది వస్తే కథ, పేరా రాకపోతే పదాలు, పదాలు రాకపోతే అక్షరాలు చదివిస్తారు. ఒక బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. బడికి వచ్చిన అధికారి రిజిస్టర్లకు కేటాయించే సమయంలో సగం ఈ పనికి కేటాయించినా వెనుక వరుసలోని ఐదుగురు పిల్లల స్థితి ఆయనకు తెలుస్తుంది. "ఏమ్మా, భయపడకు. నీకు వచ్చినంతవరకే చదువు" అని ఆప్యాయంగా పలకరించి, పక్కన చాపమీద కూర్చొన్న అధికారిని ఆ బిడ్డ జీవితాంతం మరచిపోదు.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఉపాధ్యాయునికి. "ఈ పిల్లకు చదువు ఎందుకు రాలేదు?" అని అడిగే తీరు రెండు విధాలుగా ఉంటుంది. నేరం మోపే గొంతుతో అడిగితే సాకులు బయటికి వస్తాయి. కారణం తెలుసుకోగోరే గొంతుతో అడిగితే నిజం బయటికి వస్తుంది. పత్తి తీసే రోజులలో ఆ పిల్ల తల్లితోపాటు చేనికి వెళుతున్నదేమో. తల్లిదండ్రులు పనులు వెదుక్కొంటూ వలస వెళ్ళినప్పుడు బడి మధ్యలో ఆగిందేమో. ఇంట్లో మాట్లాడేది గోండి, లంబాడీ, సవర వంటి మరో భాష అయి ఉండవచ్చు. నల్లబల్లమీది అక్షరాలు కనబడని దృష్టిలోపం ఉండవచ్చు. ఈ కారణాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు. ఇవి ఆ ఉపాధ్యాయునికి తెలుసు. తెలిసిన విషయాన్ని భయం లేకుండా చెప్పుకొనే అవకాశం ఉండాలి.

మధ్యాహ్నం పన్నెండున్నర గంటలకు అధికారి బడిలో ఉంటే పిల్లల బంతిలో కూర్చొని అదే అన్నం, అదే పప్పు తినడం మంచిది. 2003లో మన రాష్ట్రంలో మొదలైన వండిన మధ్యాహ్న భోజనం ఎందరో పిల్లలకు ఆ రోజుకు దక్కే మొదటి నిండుభోజనం. బియ్యం నిల్వ లెక్క కాగితంమీద సరిపోయినంత మాత్రాన పప్పు చిక్కగా ఉన్నట్లు కాదు. వంట చేసే మహిళలకు బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదో కూడా ఆ పూట అడిగితేనే తెలుస్తుంది. సైనికులకు జీతం సకాలంలో అందుతున్నదా అని అడిగిన నారదుని ప్రశ్నకు ఇది నేటి రూపం.

ఇక తనిఖీ పుస్తకంలో రాసే వాక్యాల సంగతి. సాధారణంగా అందులో ఉపాధ్యాయుడు చేయవలసిన పనులే ఉంటాయి. అధికారి చేయవలసిన పని కూడా అదే పుటలో ఉండటం న్యాయం. ఈ బడికి రెండవ ఉపాధ్యాయుని కోరుతూ ఫలానా తేదీలోగా రాస్తానని, నేత్రవైద్యుని పంపిస్తానని, వంట బిల్లుల విషయం విచారిస్తానని అధికారి సంతకంతో ఒక్క వాక్యం ఉంటే ఆ పుస్తకానికి విలువ వస్తుంది. మరుసటి రాకలో ఉపాధ్యాయుడు తన పని చూపిస్తాడు, అధికారి తన పని చూపిస్తాడు. బాధ్యత ఇరువురిదీ అయినప్పుడు దాచవలసిన అవసరం తగ్గుతుంది.

అయితే అధికారి మంచితనం ఒక్కటే చాలదు. బాధ్యత మరచిన ఉపాధ్యాయుని విషయంలో కఠినంగా ఉండటం కూడా పర్యవేక్షణలో భాగమే. పాఠం చెప్పకుండా జీతం తీసుకొనేవారిని ఉపేక్షించడం, నిజాయితీగా శ్రమించే ఉపాధ్యాయుని అవమానించడమే అవుతుంది. శ్రమించినా ఫలితం రానివానికి సహాయం, శ్రమించనివానికి శిక్ష అందాలి. ఈ ఇద్దరినీ వేరుచేసి గుర్తించగలగడానికి తరగతి గదిలో కూర్చోవడం తప్ప దగ్గరిదారి లేదు. ఉపాధ్యాయులు కూడా తమవంతుగా ఒక సాహసం చేయాలి. అధికారి వచ్చిన రోజున బడిని మిగిలిన రోజులలో ఉన్నట్లే ఉంచాలి. చదవలేని బిడ్డను తామే ముందుకు తెచ్చి, "ఈమె విషయంలో నాకు సహాయం కావాలండీ" అని అడగగలగాలి. రోగాన్ని వైద్యునికి చూపడానికి ఎవరూ సిగ్గుపడరు.

ఇటీవలి కాలంలో యంత్రాలు తనిఖీకి తోడు వచ్చాయి. ఉపాధ్యాయుల హాజరును సెల్‌ఫోనులో ముఖచిత్రం ద్వారా నమోదు చేసే పద్ధతి 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. భోజనం చేసిన పిల్లల సంఖ్య, మరుగుదొడ్ల శుభ్రత మొదలైనవి ఛాయాచిత్రాలతో సహా కార్యాలయాలకు చేరడం సాధ్యమైంది. ఈ సౌకర్యాన్ని తక్కువచేసి మాట్లాడవలసిన పనిలేదు. ఉపాధ్యాయుడు వచ్చాడో లేదో యంత్రం చెప్పగలదు. వచ్చినవాడు ఏమి చెప్పాడో, విన్నవారికి ఏమి అర్థమైందో యంత్రం చెప్పలేదు. అంకెలు సేకరించే భారాన్ని యంత్రానికి అప్పగించినప్పుడు అధికారికి కొంత తీరిక దొరకాలి. ఆ తీరికను పిల్లల దగ్గర గడపడానికి వినియోగిస్తే సాంకేతిక జ్ఞానం సార్థకమవుతుంది. ఆ తీరికను మరిన్ని అంకెలు మింగివేస్తే పరిస్థితి మొదటికి వస్తుంది.

ఒక అధికారి రాక సఫలమైందో లేదో ఆ రోజు సాయంత్రం తెలియదు. మరునాడు ఉదయం తెలుస్తుంది. బీరువాలోకి వెళ్ళవలసిన బోధన సామగ్రి పిల్లల చేతులలోనే ఉన్నదా? వెనుక వరుసలోని బిడ్డ నల్లబల్లకు దగ్గరగా వచ్చి కూర్చొన్నదా? ఉపాధ్యాయుని ముఖంలో భయం స్థానంలో కొంత భరోసా కనబడుతున్నదా? ఇవి జరిగితే ఆ రాక సఫలమైనట్లే.

నారదుని ప్రశ్నలన్నీ విన్న ధర్మరాజు నొచ్చుకోలేదు. ఆ హితవును శిరసావహించి నడచుకొంటానని వినయంగా చెప్పాడు. అడిగిన తీరులో హితం ఉన్నందువల్లనే వినేవానిలో వినయం కలిగింది. నేడు పల్లె బడిలో చాపమీద కూర్చొన్న బిడ్డ, ఆ సమయంలో చేలో నాట్లు వేస్తున్న తల్లి - వీరిద్దరి క్షేమాన్ని అడిగే అధికారులు, ఆ ప్రశ్నకు నిర్భయంగా జవాబు చెప్పే ఉపాధ్యాయులు ఉన్ననాడు ప్రాథమిక విద్య బలపడుతుంది. ఇంటర్మీడియట్ చదివే నేటి విద్యార్థులలో కొందరు రేపు ఉపాధ్యాయులు కావచ్చు. మరికొందరు అధికారులై ఏదో ఒక బడి గడప తొక్కవచ్చు. ఆనాడు వారి చూపు ముందు వరుసను దాటి వెనుక వరుస దాకా సాగాలి.